ఆగస్టులో ఎస్1కి వెళ్లే పిల్లాడికి ఈ నాలుగు నెలల్లో ఏం నేర్పాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. బాబు స్కాట్లండ్‌లో పి7, అంటే ప్రైమరీ చివరి ఏడాది, పూర్తి చేస్తున్నాడు. ఆగస్టులో లివింగ్‌స్టన్‌లో మీ క్యాచ్‌మెంట్ హైస్కూల్లో, అంటే మీ ఇంటి చిరునామాకు కేటాయించిన హైస్కూల్లో, ఎస్1 (సెకండరీ మొదటి ఏడాది)లో చేరతాడు. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. క్లాసులో పిలిస్తే తప్ప నోరు విప్పడు. ఇంగ్లండ్‌లో ఉన్న మీ అక్కగారు పిల్లలకు ఎలెవెన్ ప్లస్ కోచింగ్ ఇప్పించారు, మీరేమీ చేయలేదని మీకు టెన్షన్‌గా ఉంది. ఇప్పటి నుంచి మ్యాథ్స్ ట్యూషన్ పెట్టాలా, సైన్స్ ముందే చదివించాలా అని అడిగారు.

నేను ఇక్కడే స్కాట్లండ్ మధ్య భాగమైన సెంట్రల్ బెల్ట్‌లో, కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) నడిపే ఒక హైస్కూల్లో, ఇంట్లో ఇంగ్లీషు కాకుండా వేరే భాష మాట్లాడే పిల్లలకు సపోర్ట్ టీచర్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏటా జనవరి నుంచి అక్టోబరు దాకా నా పనిలో పెద్ద భాగం పి7 నుంచి వచ్చే పిల్లలు ఎస్1లో కుదురుకునేలా చూడటమే. మా పిల్లలిద్దరూ ఈ దారిలోనే వెళ్లారు.

సూటిగా చెప్తాను. ట్యూషన్ వద్దు. ఆ సమయాన్ని మూడు పనులకు పెట్టండి. బాబు తన రోజును తానే నడుపుకోవడం నేర్చుకోవాలి. అర్థం కానప్పుడు అడగడం అలవాటు కావాలి. అతని గురించి స్కూల్‌కు తెలియాల్సిన విషయాలు జూన్‌లోపు మీరు రాసి పంపాలి. ఎస్1లో ఇబ్బంది పడిన పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్లలో లెక్కలు రాక ఇబ్బంది పడినవాళ్లు బహు తక్కువ.

ముందు మీ అక్కగారి సంగతి తేల్చేద్దాం. ఎలెవెన్ ప్లస్ అనేది ఇంగ్లండ్‌లో కొన్ని ప్రాంతాల్లో మిగిలిన గ్రామర్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష. స్కాట్లండ్‌లో ప్రభుత్వ గ్రామర్ స్కూళ్లూ లేవు, ఆ పరీక్షా లేదు. కొన్ని స్కూళ్ల పేరులో గ్రామర్ అని కనిపిస్తుంది కానీ అవి కూడా మామూలు కౌన్సిల్ స్కూళ్లే. మీరు ఏ క్యాచ్‌మెంట్‌లో ఉంటే ఆ హైస్కూల్లో సీటు వస్తుంది. వేరే స్కూల్ కావాలంటే ప్లేసింగ్ రిక్వెస్ట్ పెట్టుకోవాలి. దానికి మార్చి 15 గడువు, ఏప్రిల్ 30లోపు కౌన్సిల్ జవాబు ఇస్తుంది. మీరు క్యాచ్‌మెంట్ స్కూల్‌కే వెళ్తున్నారు కాబట్టి ఆ బాధ మీకు లేదు. ఇంటర్నెట్‌లో ఇయర్ సెవెన్, సెప్టెంబరు, జీసీఎస్ఈ అని కనిపించేవన్నీ ఇంగ్లండ్ కబుర్లు. మనకు స్కూల్ మొదలయ్యేది ఆగస్టు మధ్యలో. ఇంగ్లండ్ వెబ్‌సైట్లు చూసి రాత్రిళ్లు నిద్ర పాడుచేసుకోకండి.

ట్యూషన్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. ఇక్కడి పాఠ్యప్రణాళిక అయిన కరికులం ఫర్ ఎక్సలెన్స్‌లో ఎస్1 నుంచి ఎస్3 దాకా అన్ని సబ్జెక్టులూ అందరూ చదివే దశ. పబ్లిక్ పరీక్షలు మొదలయ్యేది ఎస్4లో, నేషనల్ 5తో. యూనివర్సిటీలు గట్టిగా చూసే హయ్యర్లు అనే పరీక్షలు ఎస్5లో. అంటే మీ బాబు చేతిలో నిజమైన పరీక్ష పేపర్ పడటానికి ఇంకా చాలా సమయం ఉంది. హైదరాబాద్‌లో ఐదో తరగతి దాకా చదివి వచ్చిన పిల్లాడు కూడికలు, భాగహారాలు, భిన్నాల్లో ఇక్కడి తోటి పిల్లల కంటే వెనకబడి ఉండటం నేను దాదాపు చూడలేదు. మనవాళ్లు తడబడేది వేరే చోట. జవాబు సరిగ్గా రాస్తారు, ఎలా వచ్చిందో నాలుగు వాక్యాల్లో చెప్పమంటే ఆగిపోతారు. ఎక్కువ వాక్యాలున్న ప్రశ్న ఇస్తే అందులో ఏం అడుగుతున్నారో పట్టుకోలేరు. ఇది లెక్కల సమస్య కాదు, భాష సమస్య. ఎస్2 లెక్కలు ముందే చేయిస్తే ఇది తీరదు. పైగా ఆగస్టులో క్లాసులో కూర్చుని "ఇవన్నీ నాకు వచ్చు" అని వినడం మానేస్తాడు. అలా మొదటి టర్మ్ అంతా వినకుండా గడిపిన పిల్లల్ని తిరిగి దారిలో పెట్టడం చాలా కష్టం.

చదువు పరంగా ఏదో ఒకటి చేయించకపోతే మీకు మనసు ఊరుకోదని తెలుసు. అలాగైతే రోజూ ఇంగ్లీషు పుస్తకం పైకి చదివించండి. ఇరవై నిమిషాలు చాలు. కథలు ఒక్కటే వద్దు. జంతువుల గురించి, ఫుట్‌బాల్ గురించి, రెండో ప్రపంచ యుద్ధం గురించి, అతనికి నచ్చినది ఏదైనా సరే, సమాచారం ఉన్న పుస్తకాలు కలపండి. చదివాక "ఇప్పుడు ఏం చదివావు?" అని తెలుగులో అడగండి, తెలుగులోనే చెప్పనివ్వండి. ఎస్1లో సైన్స్‌కైనా, హిస్టరీకైనా, మోడరన్ స్టడీస్ (సమాజం, రాజకీయాల పాఠాలు)కైనా కావలసింది ఈ నైపుణ్యమే. ఒక పేరా చదివి అందులో ముఖ్యమైనది పట్టుకోవాలి. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడాలా అని చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. మానొద్దు. ఇంట్లో తెలుగులో లోతుగా మాట్లాడే పిల్లలు స్కూల్లో ఇంగ్లీషులోనూ ఆలోచన బాగా చెప్పగలుగుతున్నారని నా అనుభవం. లైబ్రరీ కార్డు ఉచితం, లేకపోతే తీసుకోండి.

ఇక అసలు మార్పు ఎక్కడుందో చూద్దాం. పి7లో మీ బాబుకు ఒకే గది, దాదాపు ఒకే టీచర్. పుస్తకాలు ట్రేలో ఉంటాయి. ఏదైనా మర్చిపోతే ఆవిడే గుర్తు చేస్తుంది. ఎస్1లో మొదటి వారంలోనే పది మందికి పైగా టీచర్లు. గంట కొట్టగానే లేచి వేరే గదికి, వేరే అంతస్తుకు వెళ్లాలి. చాలా స్కూళ్లలో లాకర్లు ఉండవు, బ్యాగు రోజంతా వీపు మీదే. పీఈ (ఆటల పీరియడ్) ఉన్న రోజు కిట్ తేవాలి, టెక్నికల్ ఉన్న రోజు ఒకటి, హోమ్ ఎకనామిక్స్ (వంట పాఠం) ఉన్న రోజు ఇంకొకటి. ఏ రోజు ఏం కావాలో గుర్తుపెట్టుకోవడం ఇక టీచర్ పని కాదు, అమ్మ పని కూడా కాదు.

మన ఇళ్లలో ఇదే చిక్కు. మనం ప్రేమతోనే చేస్తాం. బ్యాగు సర్దుతాం, వాటర్ బాటిల్ నింపుతాం, లేస్ కడతాం, లేపుతాం. ఒక కుటుంబం గుర్తొస్తోంది. అబ్బాయి చాలా తెలివైనవాడు, మ్యాథ్స్‌లో క్లాసులో ముందుండేవాడు. మూడో వారానికి పీఈ కిట్ లేదని, హోంవర్క్ షీటు లేదని, పెన్ను లేదని వరుసగా నోట్లు ఇంటికి వెళ్తున్నాయి. అమ్మకు స్కూల్ మీద కోపం, అబ్బాయికి అవమానం. నేను టైమ్‌టేబుల్ కాగితం అతని ముందు పెట్టి మంగళవారం చదవమన్నాను. చదవలేకపోయాడు. ఇంగ్లీషు రాక కాదు, ఆ గళ్లను ఎలా చూడాలో ఎవరూ చెప్పలేదు. ఒక్కో గడిలో మూడు ముక్కలుంటాయి: పైన సబ్జెక్టు పొట్టిగా, మధ్యలో టీచర్ పేరు పొడి అక్షరాలు, కింద గది నంబరు. గది నంబరులో మొదటి అక్షరమో అంకెయో ఆ గది ఏ వైపు, ఏ అంతస్తులో ఉందో చెప్తుంది. ఇద్దరం కూర్చుని పీఈకి పచ్చ రంగు, హోమ్ ఎకనామిక్స్‌కు నారింజ, హోంవర్క్ ఇచ్చే సబ్జెక్టులకు పసుపు వేశాం. ఒక కాపీ ఫ్రిజ్ మీద, ఒకటి బ్లేజర్ లోపలి జేబులో. అమ్మ చేయాల్సింది ఒక్కటే: రాత్రి ఎనిమిదింటికి "రేపు ఏ రంగులున్నాయి?" అని అడగడం. బ్యాగు ముట్టుకోకూడదు. అక్టోబరు సెలవులకల్లా నోట్లు ఆగిపోయాయి.

మీరు ఆగస్టు దాకా ఆగనక్కర్లేదు. రేపటి నుంచే పి7 బ్యాగు బాబునే సర్దుకోనివ్వండి. ఏదైనా మర్చిపోతే స్కూల్‌కు పరుగెత్తుకెళ్లి ఇవ్వకండి. ప్రైమరీలో మర్చిపోతే నష్టం చిన్నది, నేర్చుకునేది పెద్దది. అలారం పెట్టుకుని తనే లేవాలి. టై కట్టుకోవడం, పీఈ తర్వాత ఐదు నిమిషాల్లో బట్టలు మార్చుకుని మళ్లీ టై సరిచేసుకోవడం ఇంట్లో ఆటలా చేయించండి. పీఈ చేంజింగ్ రూమ్‌లో అందరి ముందు బట్టలు మార్చుకోవడం మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఆ రోజు యూనిఫాం కింద ఏం వేసుకుంటే సులువో ముందే మాట్లాడుకోండి. ఇంకా ఇబ్బందైతే స్కూల్‌కు చెప్పండి, ఏదో ఒక ఏర్పాటు చేస్తారు.

దారి కూడా అంతే. జూన్‌లో, మళ్లీ ఆగస్టు మొదట్లో, ఇంటి నుంచి హైస్కూల్‌కు బాబుతో నడవండి లేదా బస్సులో వెళ్లండి. రెండోసారి మీరు వెనక నడవండి, దారి అతను చూపించాలి. స్కాట్లండ్‌లో ఉండే 5 నుంచి 21 ఏళ్ల వాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం, కానీ దానికి యంగ్ స్కాట్ నేషనల్ ఎంటైటిల్‌మెంట్ కార్డు ఉండాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టాలి. కార్డు చేతికి రావడానికి సమయం పడుతుంది, ఆగస్టులో అందరూ ఒకేసారి పెడతారు. ఇప్పుడే పెట్టేయండి. డిసెంబరులో మన ప్రాంతంలో సూర్యుడు ఉదయం ఎనిమిదిన్నర దాటాక వచ్చి మధ్యాహ్నం మూడున్నర దాటేసరికి వెళ్లిపోతాడు. నల్ల బ్లేజరు, నల్ల కోటు వేసుకుని చీకట్లో రోడ్డు దాటే పిల్లలు డ్రైవర్లకు కనిపించరు. బ్యాగుకు మెరిసే పట్టీ ఒకటి తగిలించండి.

లివింగ్‌స్టన్ ఉన్న మీ వెస్ట్ లోథియన్‌లో, ఎడిన్‌బరాలో శుక్రవారం మధ్యాహ్నానికే స్కూల్ అయిపోతుంది. ప్రైమరీలో ఉన్నప్పుడు ఆఫ్టర్ స్కూల్ క్లబ్ ఉంటుంది, హైస్కూల్ పిల్లలకు అలాంటిది సాధారణంగా ఉండదు. మీరిద్దరూ ఉద్యోగం చేస్తుంటే శుక్రవారం ఒంటిగంట నుంచి మీరు వచ్చేదాకా బాబు ఎక్కడుంటాడు, ఏం తింటాడు, తాళం ఎవరి దగ్గర, తలుపు ఎవరికి తీయాలి, ఎవరికి తీయకూడదు? ఇవన్నీ ముందే తేల్చుకోండి. వేసవిలో ఒకటి రెండు మధ్యాహ్నాలు అలా ఉంచి చూడండి.

ఇప్పుడు మీరు రాసిన అసలు విషయానికి వస్తాను: "నోరు విప్పడు." నాకైతే మీ ప్రశ్న మొత్తంలో ఇదే ముఖ్యమైన వాక్యం. మన దగ్గర బళ్లో మాట్లాడకుండా కూర్చునే పిల్లాడు బుద్ధిమంతుడు. ఇక్కడ టీచర్ అడిగి చూస్తుంది, ఎవరూ చేయి ఎత్తకపోతే అందరికీ అర్థమైందనుకుని ముందుకెళ్తుంది. మౌనంగా తల ఊపే పిల్లాడు ఆమె దృష్టిలో అర్థమైన పిల్లాడు. ఎస్1లో ఒక్కో టీచర్ వారానికి నూట యాభై, రెండు వందల మంది పిల్లల్ని చూస్తుంటారు. ఇబ్బంది పెట్టని పిల్లాడి మీద కళ్లు పడటానికి నెలలు పట్టవచ్చు. బాబుకు తెలివి లేదని ఎవరూ అనుకోరు, సాయం కావాలని మాత్రం ఎవరికీ తెలియదు.

"ధైర్యంగా మాట్లాడు" అని చెప్తే ఏ పిల్లాడూ మాట్లాడడు. వాక్యం చేతికి ఇవ్వాలి. నేను కొత్తగా వచ్చిన పిల్లలకు మూడు వాక్యాలు నేర్పిస్తాను. "సారీ మిస్, కుడ్ యూ సే దట్ అగెయిన్?" అనేది మొదటిది. "ఐ గెట్ దిస్ బిట్, బట్ నాట్ దిస్ బిట్" అనేది రెండోది, వేలితో చూపిస్తూ. "కెన్ ఐ స్పీక్ టు యూ ఎట్ ది ఎండ్?" అనేది మూడోది. అందరి ముందూ అడగలేని పిల్లలకు ఈ మూడోదే ఆసరా. ఇంట్లో మీరు టీచర్‌లా, బాబు బాబులా రోజూ రెండు నిమిషాలు ఆడండి. మొదట్లో సిగ్గుపడతాడు, నవ్వుతాడు, ఫరవాలేదు. తర్వాత బయట వాడనివ్వండి. షాపులో చిల్లర తక్కువ వస్తే అతనే అడగాలి. లైబ్రరీలో పుస్తకం ఎక్కడుందో అతనే అడగాలి. బస్సు డ్రైవర్‌కు ఎక్కడ దిగాలో అతనే చెప్పాలి. మీరు పక్కన నిలబడి నోరు మూసుకోవాలి. మన తల్లులకు అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే, నాకు తెలుసు.

విజయవాడ నుంచి పి7 మధ్యలో వచ్చిన ఒక అమ్మాయి ఎస్1లో లంచ్ టైమంతా లైబ్రరీలో ఒకే మూల కూర్చునేది. ఎవరూ ఏడిపించలేదు, ఎవరూ పిలవలేదు కూడా. "ఫ్రెండ్స్‌ని చేసుకో" అని చెప్పడం నేను మానేశాను. లైబ్రేరియన్‌తో మాట్లాడి, తిరిగి వచ్చిన పుస్తకాలను అరల్లో పెట్టే పని ఇప్పించాను. చేతిలో పని ఉంటే తల దించుకుని కూర్చోనక్కర్లేదు కదా. అదే పని చేసే ఇంకో ఇద్దరితో అరల వరసల గురించి మాట మొదలైంది. తర్వాత ఆ ముగ్గురూ లంచ్ హాల్లో ఒకే బల్ల దగ్గర కనిపించేవారు. మాటకారి కాని పిల్లలకు క్లబ్బులు ఇందుకే మేలు. చెస్, కోడింగ్, బ్యాడ్మింటన్, పైపుల బ్యాండ్, ఏదైనా సరే. మొదటి రెండు మూడు వారాల్లోనే ఒక లంచ్ టైమ్ క్లబ్బులో చేరమనండి. అప్పటికి అందరూ కొత్తవాళ్లే కాబట్టి చేరడం తేలిక.

ఇండియా టికెట్లు కొనేముందు స్కూల్ క్యాలెండర్ చూడండి. ఈ మాట గట్టిగా చెప్పాలి. ట్రాన్సిషన్ డేస్ సాధారణంగా జూన్‌లో వస్తాయి. పి7 పిల్లలు రెండు మూడు రోజులు హైస్కూల్‌కు వెళ్లి నిజమైన టైమ్‌టేబుల్ ప్రకారం తిరుగుతారు, తమ క్లాసు పిల్లల్ని, పిల్లల బాగోగులు చూసే గైడెన్స్ టీచర్‌ను కలుస్తారు. టికెట్ చవకని జూన్ మొదట్లోనే హైదరాబాద్ వెళ్లిపోయే కుటుంబాల్ని ఏటా చూస్తాను. ఆ పిల్లలు ఆగస్టులో వచ్చేసరికి మిగతావాళ్లకు దారులు తెలుసు, జట్లు కుదిరిపోయి ఉంటాయి. ఇంగ్లండ్‌లో లాగా ఇక్కడ జరిమానా వేయరు కదా అని అనుకోవచ్చు. నిజమే, వేయరు. నష్టపోయేది పిల్లాడు. స్కూల్ జూన్ చివర మూసేశాకే బయల్దేరండి. తిరిగి రావడం కూడా స్కూల్ తెరిచే ముందురోజు కాకుండా కనీసం వారం ముందు పెట్టుకోండి. జెట్ లాగ్‌తో మొదటి రోజు నిద్రమొహంతో వచ్చే పిల్లాడికి గది నంబర్లు కూడా కనపడవు.

బాబు లాంటి నెమ్మది పిల్లలకు మామూలు ట్రాన్సిషన్ డేస్ సరిపోకపోతే ఎన్‌హాన్స్‌డ్ ట్రాన్సిషన్ అని అదనపు విజిట్లు ఏర్పాటు చేస్తారు. చిన్న గుంపుగా, ఖాళీ కారిడార్లలో తిరగనిస్తారు. ఇది అడిగినవాళ్లకే ముందు దొరుకుతుంది. 2004 నాటి అడిషనల్ సపోర్ట్ ఫర్ లెర్నింగ్ చట్టం ప్రకారం చదువుకు అదనపు సాయం అవసరమైన ఏ పిల్లాడికైనా కౌన్సిల్ ఆ సాయం చేయాలి. ఇంగ్లీషు ఇంకా కుదురుకోకపోవడం కూడా ఆ కారణాల్లో ఒకటి. ఇలా అడిగితే పిల్లాడి మీద ముద్ర పడుతుందని మనవాళ్లు భయపడతారు. పడదు. తక్కువ స్థాయి గ్రూపులో వేయరు, రిపోర్టులో లోపంగా రాయరు. మీ హక్కుల గురించి ఎవరినైనా అడగాలనుకుంటే ఎన్‌క్వైర్ అనే ఉచిత సలహా సేవ ఉంది, వాళ్లు ఫోన్లోనే ఓపికగా చెప్తారు.

ఇక స్కూల్‌కు మీరు రాయాల్సిన మెయిల్. ఇప్పుడు పి7 టీచర్‌కు, కాపీ హైస్కూల్ ఆఫీసుకు. మొదట పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో, రెండు మూడు పేర్లు కలిసి పెద్ద వరసగా ఉంటే స్కూల్ రికార్డులో అదే పడుతుంది. మొదటి రోజు పది మంది టీచర్లు పది రకాలుగా పిలుస్తారు, పిల్లాడు ప్రతిసారీ ముడుచుకుపోతాడు. ఇంట్లో, బళ్లో ఏ పేరుతో పిలవాలో, ఎలా పలకాలో రాయండి, రికార్డులో "నోన్ యాజ్" అనే చోట అది పెడతారు. తర్వాత తిండి. శాకాహారమా, గుడ్డు తింటాడా, బీఫ్ ముట్టుకోవడం ఇబ్బందా, అలర్జీలున్నాయా అన్నది స్పష్టంగా రాయండి, ఎందుకంటే హోమ్ ఎకనామిక్స్‌లో నిజంగా వండిస్తారు. ముందే తెలిస్తే వేరే పదార్థాలు పెడతారు. ఆ రోజు తెలిస్తే బాబు పక్కన నిలబడి చూడాల్సి వస్తుంది. తర్వాత బాబు స్వభావం: "అర్థం కాకపోయినా అర్థమైందని తల ఊపుతాడు, దయచేసి విడిగా అడగండి." ఈ ఒక్క వాక్యం టీచర్లకు ఎంత ఉపయోగమో మాటల్లో చెప్పలేను. చివరగా, ఏ స్నేహితుడితో ఒకే క్లాసులో ఉంటే బాగుంటుందో, ఎవరితో వద్దో. క్లాసులు విడదీసేటప్పుడు పి7 టీచర్ల మాట తీసుకుంటారు కాబట్టి ఇది ముందే చేరాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యూనిఫాం స్కూల్ వెబ్‌సైట్‌లో జాబితా చూశాకే కొనండి. టై స్కూల్ నుంచి, మిగతావి సూపర్‌మార్కెట్ నుంచి చాలు. ఆదాయం తక్కువైతే స్కూల్ క్లోతింగ్ గ్రాంట్ ఉంది, సెకండరీ పిల్లలకు ఏడాదికి కనీసం 150 పౌండ్లు. వీసా షరతులుంటే దరఖాస్తుకు ముందు కౌన్సిల్‌ను అడగండి. లంచ్‌కు చాలా స్కూళ్లలో నగదు నడవదు, ఆన్‌లైన్ ఖాతాలో డబ్బు వేయాలి. పెరుగన్నం తీసుకెళ్తానంటే ఫ్లాస్కులో ఇవ్వండి, వేడి చేసుకునే వీలుండదు. హోంవర్క్ ఎక్కువగా టీమ్స్ లేదా గూగుల్ క్లాస్‌రూమ్‌లో గ్లో (స్కాట్లండ్ స్కూళ్ల ఆన్‌లైన్ వేదిక) ఖాతాతో వస్తుంది. ఆ పాస్‌వర్డ్ బాబుకు కంఠతా వచ్చి ఉండాలి.

ఫోన్ గురించి స్కూల్ రూలే మీ రూలు. 2024 ఆగస్టులో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఫోన్లు పూర్తిగా నిషేధించే అధికారం హెడ్‌టీచర్లకు ఉంది. వాట్సాప్ కనీస వయసు 13. ఎస్1 పిల్లల గ్రూపుల్లో జరిగే గొడవలు మా గైడెన్స్ టీచర్ల సమయం ఎంత తింటాయో చూస్తున్నదాన్ని, ఆ వయసు దాకా ఆగమనే నా సలహా.

ఎస్1లో హెచ్‌పీవీ టీకా ఫారం ఇంటికి వస్తుంది, మగపిల్లలకు కూడా. మన ఇళ్లలో ఇది చూసి కంగారుపడి పక్కన పడేస్తుంటారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పాటు మగవాళ్లలో వచ్చే కొన్ని క్యాన్సర్ల నుంచి కాపాడే టీకా అది, స్కూల్లోనే ఒక్క డోసు ఇస్తారు. సందేహముంటే ఫారంలో ఉన్న నర్సుల నంబరుకు ఫోన్ చేయండి, ఫారం మాత్రం తిరిగి పంపండి.

మొదటి రిపోర్టు వచ్చినప్పుడు మార్కులు, ర్యాంకులు వెతక్కండి, ఉండవు. ఈ వయసు పిల్లలకు కరికులంలో పెట్టిన స్థాయి అయిన థర్డ్ లెవెల్‌లో ఎక్కడున్నాడు, శ్రమ ఎలా ఉంది, ప్రవర్తన ఎలా ఉంది అని రాస్తారు. శ్రమ అన్న గడి ముందు చూడండి. ఏదైనా సబ్జెక్టులో తక్కువ రాశారని కోప్పడటం, చేయి చేసుకోవడం అసలే వద్దు. 2020 నవంబరు నుంచి స్కాట్లండ్‌లో పిల్లల్ని కొట్టడం చట్టరీత్యా నేరం, ఇంట్లో అయినా సరే. దానికన్నా ముఖ్యం, ఇంట్లో భయం ఉన్న పిల్లాడు స్కూల్లో జరిగిన చెడ్డ విషయాలు ఇంట్లో చెప్పడు. రంగు గురించి, యాస గురించి, తిండి వాసన గురించి ఎవరైనా ఏదైనా అంటే అది మీ చెవిన పడాలి. అలా అంటే తారీఖు, మాటలు రాసి గైడెన్స్ టీచర్‌కు మెయిల్ పెట్టండి. అలాంటివి నమోదు చేసి చూడటం స్కూల్ బాధ్యత. "చిన్నపిల్లలు, పోనీలే" అని మీరే వదిలేస్తే మళ్లీ మళ్లీ జరుగుతుంది.

మొదటి రెండు వారాలు బాబు ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా పడుకుంటాడు. అలసట అది, కంగారుపడకండి. "ఇవాళ ఎలా ఉంది?" అంటే "బానే ఉంది" అంటాడు. "లంచ్ ఎవరి పక్కన తిన్నావు? ఏ గది దొరకలేదు?" అని అడగండి, జవాబు వస్తుంది. పొద్దున కడుపునొప్పి అంటూ పదేపదే స్కూల్ మానేయడం, తిండి తగ్గడం, అక్టోబరు సెలవుల నాటికి కూడా ఒక్క పిల్లాడి పేరూ ఇంట్లో చెప్పకపోవడం, వీటిలో ఏది కనిపించినా పేరెంట్స్ ఈవినింగ్ దాకా ఆగొద్దు. ఆ రోజే గైడెన్స్ టీచర్‌కు మెయిల్ పెట్టి పది నిమిషాలు ఫోన్లో మాట్లాడాలని అడగండి. వాళ్ల ఉద్యోగమే అది, విసుక్కోరు.

ఈ వారం చేయాల్సినవి రెండే: పైన చెప్పిన మెయిల్, బస్సు కార్డు దరఖాస్తు. మెయిల్‌కు రెండు వారాల్లో జవాబు రాకపోతే ప్రైమరీ ఆఫీసుకు ఫోన్ చేసి హైస్కూల్లో ట్రాన్సిషన్ ఎవరు చూస్తున్నారో పేరు కనుక్కుని, నేరుగా వాళ్లకే పంపండి.